వెనుక చక్రాలు, మంచుదారులు, మన భయాలు

మార్గశిరం చలి పాతబస్తీ గల్లీలలోకి మెల్లగా దిగుతున్న రోజులివి. తెల్లవారుజామున షాలిబండలో చాయ్ హోటలు ముందు నలుగురు మనుషులు మఫ్లర్లు చుట్టుకుని నిలబడితే మనకు శీతాకాలం వచ్చినట్టే లెక్క. అటువంటి ఒక ఉదయం, మూడిళ్ళ అవతల ఉండే పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా చేతిలోని ఫోను నా ముందుకు చాచింది. తెరమీద ఎర్రటి మస్టాంగ్ కారు, దానికి ఆనుకుని నవ్వుతూ ఆమె మనవడు. వెనుకంతా తెల్లటి మంచు.

"పోరడు గీ కారు కొన్నడట బిడ్డా. వెనక చక్రాల తోని నడుస్తదట. మంచుల జారుతదట. ఆడున్నోళ్ళందరు గదే అంటున్నరు. నీ మాటైతే వింటడు, అమ్మెయ్యమని జెర చెప్పు."

కుర్రవాడు మిషిగన్ రాష్ట్రంలో ఉద్యోగంలో చేరి ఏడాది కావస్తోంది. నేనూ ఒకప్పుడు అదే రాష్ట్రంలో ఆరు చలికాలాలు గడిపి తిరిగి వచ్చినవాణ్ణి. అందులో అయిదు చలికాలాలు అదే జాతి కారులో గడిచాయి. కాబట్టి ఈ విషయంలో పెద్దమ్మకు నా మాట వేదవాక్కు. "మాట్లాడతాలే పెద్దమ్మా" అని అప్పటికి పంపించాను. రెండు రోజులు ఆలోచించిన తరువాత తేలిందేమంటే, ఆ కారు అమ్మమని నేను చెప్పలేను. ఎందుకు చెప్పలేనో రాయడానికే ఈ టపా.

పెద్దమ్మ భయాన్ని తేలికగా తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. చలికాలం వచ్చిందంటే అమెరికా రోడ్ల మీద మన పిల్లలు ప్రమాదాల పాలైన వార్తలు తెలుగు పత్రికలలో చదువుతూనే ఉన్నాం. ఆ వార్త చదివిన ప్రతి తల్లీ ముందు తన బిడ్డకు ఫోను చేస్తుంది, తరువాతే కాఫీ తాగుతుంది. అటువంటి చోట "ఏమీ కాదులే" అనడం బాధ్యత గల మాట కాదు. భయం ఉండవలసిందే. అయితే దేనికి భయపడాలో కూడా తెలిసి ఉండాలి. మనవాళ్ళ భయం వాలకూడని చోట వాలిందన్నదే నా ఫిర్యాదు.

ఇంతకీ వెనుక చక్రాల బండి అంటే ఏమిటి? ఎడ్లబండిని ముందు నుంచి లాగుతారు. గుల్జార్‌హౌజ్ దగ్గర అరటిపండ్ల తోపుడు బండిని వెనుక నుంచి నెడతారు. తేడా అంతే. తోపుడు బండివాడు మలుపులో ఆత్రంగా నెట్టాడా, బండి వెనుకభాగం పక్కకు తిరిగిపోతుంది. అనుభవం ఉన్నవాడు మలుపు దగ్గర చేయి తేలిక చేస్తాడు, బండి తిన్నబడ్డాక మళ్ళీ నెడతాడు. మస్టాంగ్ నడపడంలోని శాస్త్రమంతా ఆ అరటిపండ్లవాడి చేతిలోనే ఉంది.

కొంచెం వివరంగా చెప్పుకుందాం. రోడ్డును పట్టుకోవడానికి టైరుకు ఉన్న శక్తి పరిమితం. బండిని ముందుకు నెట్టడానికీ, మలుపులో పక్కకు జారకుండా నిలబెట్టడానికీ ఆ శక్తినే పంచుకోవాలి. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే వెనుక టైర్ల పట్టు మొత్తం నెట్టడానికే ఖర్చయిపోతుంది, పక్క పట్టు పోయి తోక జారుతుంది. ముందు చక్రాల బండిలో లాగే పనీ తిరిగే పనీ రెండూ ముందు టైర్లవే. అవి పట్టు తప్పితే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. మొదటిది గింగిరాలు తిరిగే ప్రమాదం, రెండవది మలుపును దాటి పోయే ప్రమాదం. ఒకటి ఉత్తమం, ఒకటి అధమం అని చెప్పడానికి నాకు నోరు రాదు.

పైగా ఈ వెనుక చక్రాల వ్యవహారం మనకు కొత్తదేమీ కాదు. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో, 1912 నాటి నిజాము గారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు కొలువై ఉంది. అదీ వెనుక చక్రాల బండే. ఆ కాలపు సిల్వర్ ఘోస్టులకు బ్రేకులు కూడా వెనుక చక్రాలకే ఉండేవి. తరువాత వచ్చిన అంబాసిడర్, పద్మిని, జీపు అన్నీ వెనుక నుంచి నెట్టేవే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే ముందు చక్రాల చోదనం మన మధ్యతరగతి గుమ్మంలోకి వచ్చింది. ఇప్పటికీ మన గల్లీలో తిరిగే ఆటో వెనుక చక్రాలదే. అమెరికాలో మాత్రం? 1970ల వరకూ అక్కడి కార్లలో అత్యధికం వెనుక చక్రాలవే. మిషిగన్‌లో అప్పుడూ మంచు కురిసింది. జనం ఆఫీసులకు వెళ్ళారు, పిల్లలను బడికి దింపారు, ఇళ్ళకు తిరిగి వచ్చారు.

నాకు బండి నేర్పినవాడు మా చిన్నాయన అంబాసిడర్ టాక్సీని నడిపిన ఉస్తాదు. ఫలక్‌నుమా దిక్కుగా ఎత్తెక్కే రోడ్డు మీద క్లచ్చి పట్టడం నేర్పాడు. మృగశిర కార్తె ప్రవేశించి తొలి జల్లు పడిన సాయంత్రం నేను ఉత్సాహంగా తాళంచెవి తీసుకుంటే ఆయన లాక్కున్నాడు. "పావుగంట ఆగు. రోడ్డు మొహం కడుక్కుంటోంది" అన్నాడు. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, రబ్బరు, దుమ్ము తొలివానకు తేలి జిడ్డులా మారతాయి. కొంతసేపు గట్టిగా కురిస్తే అవి కొట్టుకుపోతాయి. ఆ పావుగంట ఆగలేక మరొక రోజు ఇంజన్‌బౌలి మలుపులో నేను అంబాసిడర్ తోకను ఒక పళ్ళబండి మీదికి తిప్పినంత పని చేశాను. ఉస్తాదు పక్కనుంచి నా మోకాలి మీద చెయ్యి వేసి, కాలు మెల్లగా తీయించాడు. బండి తనంతట తానే సర్దుకుంది. "బండి జారలేదు, నీ కాలు జారింది" అని మాత్రం అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. పన్నెండేళ్ళ తరువాత, పన్నెండు వేల కిలోమీటర్లకు పైగా అవతల అర్థమైంది.

మిషిగన్‌లో నా తొలి చలికాలం. మంచు ఇంకా పడలేదు. నవంబరు చివరివారం, ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన, సన్నటి తుంపర. ఫ్రీవే మీద నుంచి దిగే చక్రంలాంటి మలుపులో కారు నా ప్రమేయం లేకుండా తిరగడం మొదలుపెట్టింది. ఒక పూర్తి చుట్టు తిరిగి గడ్డిలో ఆగింది. ఎదురుగా వచ్చే కార్ల దీపాలు నా కళ్ళలోకి చూస్తున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కారును రోడ్డు మీదికి లాగడానికి వచ్చిన ముసలాయన నా వైపు చూడలేదు, టైర్ల వైపు వంగి చూశాడు. "ఇవి ఎండాకాలం టైర్లు" అన్నాడు. ఆయన అంతకు మించి నన్ను తిట్టలేదు, అవసరమూ లేకపోయింది.

అసలు కథ ఇక్కడుంది. స్పోర్ట్స్ కార్లు చాలావరకు ఎండాకాలం టైర్లతోనే తయారై వస్తాయి. ఆ రబ్బరు వేడి రోడ్డును జలగలా పట్టుకుంటుంది గాని, ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే బిరుసెక్కిపోతుంది. మంచు ఉండనక్కరలేదు, చలి చాలు. మన హైదరాబాదు చరిత్రలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరిలో. అంటే నాలుగు శతాబ్దాలు దాటిన ఈ ఊరిలో, రికార్డులు రాసిన కాలమంతటిలోనూ చలి ఆ గీతను దాటింది ఏ కొద్దిసార్లో. టైరుకు ఋతువు ఉంటుందన్న ఊహే మనకు కలగకపోవడంలో ఆశ్చర్యం లేదు. మన దగ్గర టైరు అంటే అరిగినదీ, అరగనిదీ, అంతే. అక్కడికి వెళ్ళిన మన పిల్లవాడు స్వెటరు కొనుక్కుంటాడు, బూట్లు కొనుక్కుంటాడు, కారును మాత్రం చెప్పులతోనే మంచులోకి తీసుకెళతాడు.

చలికాలం టైరు వేరు. దాని రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద కత్తితో గీసినట్టుండే వందలకొద్దీ సన్నటి గీతలు మంచును కరిచి పట్టుకుంటాయి. పక్కన మూడు శిఖరాల కొండ, అందులో ఒక మంచుపువ్వు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు లేనిదాన్ని చలికాలం టైరు అనుకోకూడదు. వెనుక చక్రాల బండి గదా అని వెనుక రెండు మాత్రం మార్చి పొదుపు చేశామనుకునేవారు ఉన్నారు. అది మరింత ప్రమాదం. బ్రేకు భారంలో ఎక్కువ పాలు మోసేది ముందు చక్రాలు, దారి తిప్పేది ముందు చక్రాలు. నాలుగూ మార్చవలసిందే.

ఇక్కడ చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు, పొడి తారురోడ్డు మీద బ్రేకు వేసిన తరువాత సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద దాదాపు 40 మీటర్లు. అద్దంలాంటి గడ్డ మంచు మీద 100 మీటర్లకు దగ్గర. అంటే చార్మినారు దగ్గర బ్రేకు వేస్తే బండి మక్కా మసీదు దగ్గర ఆగుతుంది. ఈ లెక్కలో రాపిడి ఉంది, వేగం ఉంది, భూమ్యాకర్షణ ఉంది. ఏ చక్రాలను ఇంజను తిప్పుతోందన్న అంశం మాత్రం లేదు. బ్రేకు వేసినప్పుడు ప్రతి కారూ నాలుగు చక్రాల కారే.

అందుకే "వాణ్ణి నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి కొనుక్కోమను, నిశ్చింత" అనే పెద్దల సలహా నన్ను కలవరపెడుతుంది. బయలుదేరడానికీ, ఎత్తెక్కడానికీ అటువంటి బండి నిశ్చయంగా మేలు. కాని ఆగడానికి అది పైసా సాయం చేయదు. పైగా అది ఒక నిజాన్ని దాచిపెడుతుంది. వెనుక చక్రాల బండి సిగ్నలు దగ్గర బయలుదేరేటప్పుడే, గంటకు అయిదు కిలోమీటర్ల వేగంలో, తోక కాస్త కదిలించి "అయ్యా, రోడ్డు బాగాలేదు" అని చెబుతుంది. నాలుగు చక్రాల బండి ఆ మాట చెప్పదు. హాయిగా బయలుదేరి, హాయిగా వేగం అందుకుని, ఆ సంగతిని మొదటి బ్రేకు దగ్గర చెబుతుంది. మంచు తుఫాను మరునాడు ఫ్రీవే పక్క కాలువల్లో దిగబడి కనిపించిన బండ్లలో ఎత్తైన నాలుగు చక్రాల బండ్లను నేను ఎన్నో చూశాను. వాటి యజమానులు చేతకానివాళ్ళు కారు, బండి ఇచ్చిన ధైర్యాన్ని రోడ్డు ఇచ్చినదిగా భ్రమపడినవాళ్ళు.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 2008 నుంచి చలికాలం టైర్లు తప్పనిసరి. ఇప్పుడు ఆ గడువు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు. ఏడాదికి ఎన్నో నెలలు మంచులో బతికే ఆ ప్రజలు చట్టం చేసుకున్నప్పుడు టైర్ల గురించి చేసుకున్నారు, ఏ చక్రాలు నడిపిస్తాయన్న దాని గురించి కాదు. మిషిగన్‌లో అటువంటి చట్టం లేదు. కాబట్టి మన పిల్లవాడికి ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

మంచులో వెనుక చక్రాల సామర్థ్యానికి సాక్ష్యం కావాలంటే మాంటీ కార్లో ర్యాలీ ఉంది. ఆల్ప్స్ కొండల్లో జనవరి మంచులో జరిగే ఆ పందెంలో 1968, 1969, 1970 సంవత్సరాల్లో వరుసగా గెలిచింది వెనుక చక్రాల పోర్షే 911. నాలుగు చక్రాల ఆడి క్వాట్రో రంగంలోకి దిగిన తరువాత కూడా, 1983లో వాల్టర్ రోల్ వెనుక చక్రాల లాన్సియాతో అక్కడ గెలిచాడు. ఆ తరువాత ర్యాలీలు నాలుగు చక్రాల వశమైపోయాయన్నదీ నిజమే. కాని వాళ్ళు సెకండ్ల కోసం పోరాడేవాళ్ళు. మనకు కావలసింది ఆఫీసు నుంచి ఇంటికి చేరడం.

నా వాదానికి హద్దులు లేవని అనుకోకండి. స్పోర్ట్స్ కారు పొట్టకూ నేలకూ మధ్య దూరం అయిదారు అంగుళాలు. మంచు అంతకు మించి పడిన రోజున ఏ టైరూ దాన్ని రక్షించదు, బండి పొట్ట మీద తేలుతుంది. ఆ రోజు ఇంట్లో కూర్చోవడమే తెలివి. కారుకు ఆనుకుని ఫోటో దిగడం వేరు, దానికి లొంగి ఉండడం వేరు. వెడల్పు టైర్లు అందానికి బాగుంటాయి గాని మంచులో పడవల్లా తేలతాయి. చలికాలానికి సన్నటివి పెట్టుకోవాలి, అప్పుడు కారు కొంచెం బిచ్చగాడిలా కనిపిస్తుంది. రోడ్లమీద చల్లే ఉప్పు కింది ఇనుమును తినేస్తుంది. డెట్రాయిట్ నగరం కింద భూగర్భంలో పెద్ద ఉప్పుగనే ఉంది, కాబట్టి అక్కడ ఉప్పుకు కరువు లేదు. వారానికొకసారైనా బండి అడుగు కడిగించాలి. ఇంత సేవ చేయలేనివాడు ఆ కారు అమ్ముకోవడమే మంచిది, అందులో నాకూ పెద్దమ్మకూ భేదాభిప్రాయం లేదు.

ఇన్ని ఆలోచించాక నిన్న రాత్రి కుర్రవాడికి ఫోను చేశాను. అమ్మమంటానని ముందే అనుకున్నాడేమో, మొదట ముభావంగా మాట్లాడాడు. కారు మాట ఎత్తకుండా టైర్ల మీద ఏమి రాసి ఉందో చూసి చెప్పమన్నాను. అతను కిందికి వెళ్ళి, దీపం వేసి చూసి, ఒక్క క్షణం ఆగి చెప్పాడు. అవి ఎండాకాలం టైర్లే.

అప్పుడు నా షరతులు చెప్పాను. నాలుగు చలికాలం టైర్లు వచ్చేదాకా కారు కదలకూడదు, ఆఫీసుకు స్నేహితుడి బండిలో పోవాలి. టైర్లూ రిమ్ములూ కలిపి వెయ్యి డాలర్లు దాటవచ్చు. అయితే అవి అరుగుతున్నంతకాలం ఇవి అరగవు కనుక ఆ డబ్బు ఎక్కడికీ పోదు. మంచు పడిన మొదటి ఆదివారం తెల్లవారుజామున ఏదైనా ఖాళీ పార్కింగు స్థలానికి, యజమాని అనుమతితో వెళ్ళి రెండు గంటలు సాధన చేయాలి. కారు జారడమంటే ఏమిటో అక్కడ, ఏ గోడా ఏ మనిషీ లేని చోట తెలుసుకోవాలి. తోక జారినప్పుడు బ్రేకు తొక్కకూడదు. కాలు మెల్లగా తీసి, తాను పోదలచిన వైపు చూస్తూ స్టీరింగు అటే తిప్పాలి. చూపు చెట్టు మీద పెడితే బండి చెట్టు దగ్గరికే పోతుంది. గేరు తగ్గించి క్లచ్చిని ఠక్కున వదలకూడదు, అది వెనుక చక్రాలకు మాత్రమే వేసిన బ్రేకుతో సమానం. జారుడును అదుపు చేసే ఎలక్ట్రానిక్ యంత్రాంగం 2012 నుంచి అక్కడి కార్లన్నిటికీ తప్పనిసరి, దాన్ని సరదాకు ఆపకూడదు. వంతెనల మీద మరింత నిదానించాలి. కింద కూడా గాలి ఆడడం వల్ల రోడ్డు కంటే వంతెనే ముందు గడ్డకడుతుంది. మైనస్ ఇరవై కంటే సున్నా దగ్గరి గడ్డ మంచు ఎక్కువ జారుతుంది, ఎందుకంటే పైన సన్నటి నీటిపొర నిలుస్తుంది. కాబట్టి "ఇవాళ చలి తక్కువ" అన్న రోజునే ఎక్కువ జాగ్రత్త కావాలి.

అన్నీ విని "కారు అమ్మమంటారనుకున్నా అన్నా" అన్నాడు. అమ్మించడం నాకు తేలిక. అతను అమ్మేసి ఎత్తైన బండి కొనుక్కుంటే ఇక్కడ పెద్దమ్మ నిశ్చింతగా నిద్రపోతుంది, అక్కడ ఆ బండి అవే బిరుసు టైర్లతో అదే మలుపులోకి అంతకంటే ధైర్యంగా పోతుంది. తప్పు చోట తీరిన భయం కంటే సరైన చోట మిగిలిన భయమే కుర్రవాణ్ణి కాపాడుతుందని నా నమ్మకం. ఇష్టపడి కొన్న బండి మీద మనిషికి శ్రద్ధ ఉంటుంది. ఆ శ్రద్ధ ఉన్నవాడే కిందికి వెళ్ళి, చలిలో వంగి, టైరు మీద రాసినది చదివాడు.

ఇవాళ ఉదయం పెద్దమ్మకు ఇదంతా విడమరచి చెప్పడానికి ప్రయత్నించాను. తోపుడు బండి ఉపమానం ఆమెకు వెంటనే అందింది. మిగతాదంతా విన్నట్టే విని, ఒక్క ప్రశ్న వేసింది.

"నాలుగు టైర్లూ మార్చాల్నా బిడ్డా?"

"నాలుగూ మార్చాలి పెద్దమ్మా."

"పైసలు లేకుంటే నన్నడగమను. రెండేసుకొని ఊకుండద్దని చెప్పు" అని, కొంగు సర్దుకుని మెట్లు దిగింది.